మా అత్తకి చెప్పిన సింపుల్ పాస్ట్ పాఠం

ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఇంగ్లీషు ఎం.ఏ. చేశాను. కాగితం మీద రాయమంటే పేజీలకు పేజీలు రాస్తాను. నలుగురి ముందు నిలబెడితే మాత్రం గొంతు పట్టేస్తుంది. అలా రెండు ప్రైవేటు స్కూళ్ళలో డెమో క్లాసులు పాడుచేసుకుని ఇంటికొచ్చాను. మూడోది కూడా పోతే ఇక ఉద్యోగం మాటే ఎత్తనని మా ఆయనతో తెగేసి చెప్పాను. పంతమూ నాదే, భయమూ నాదే.

ఈసారి శ్రీకాకుళంలో ఒక స్కూలు. ఐదో తరగతి పిల్లలకి సింపుల్ పాస్ట్ చెప్పి చూపించాలి. ఇంట్లో గోడ వైపు తిరిగి పాఠం చెప్పుకుంటుంటే మా అత్త వంటింట్లోంచి వచ్చింది. చేతిలో చేట పక్కన పెట్టి, నా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"గోడకేటి సెప్తావే? నాకు సెప్పు."

మా అత్త బడి గుమ్మం తొక్కలేదు. పొలం పని, గేదెల పని, ఊళ్ళో అందరి మీదా పెత్తనం, ఇదే ఆవిడ చదువు. మాట పడే మనిషి కాదు. ఏదో పెళ్ళిలో తన పాట విని నవ్విందని తోడికోడలితో చాలాకాలం మాట్లాడడం మానేసింది. అలాంటి మనిషికి ఇంగ్లీషు చెప్పడమేమిటని నాకు విసుగొచ్చింది. కానీ వద్దంటే వింటుందా!

అయిపోయిన పని చెప్పాలంటే క్రియ చివర ఈడీ తగిలిస్తామన్నాను. కుక్ కాస్తా కుక్డ్ అవుతుంది, వాష్ వాష్డ్ అవుతుంది. బాగానే పట్టుకుంది. అదే ఊపులో గోకి కూడా ఈడీ తగిలించి "గోడ్" అనేసింది. నేను పకపకా నవ్వేశాను. వెంటనే మొహం గంటు పెట్టుకుంది.

"నవ్వితే నానెల్లిపోతన్నాను."

"కాదత్తా, గో అలా మారదు. వెంట్ అయిపోతుంది."

"అదేటి! పెళ్ళైన పిల్లకి ఇంటిపేరు మారినట్టు మొత్తం మారిపోనాదా?"

"అంతే అనుకో. ఇలాంటివి కొన్ని ఉన్నాయి. ఈట్ ఏట్ అవుతుంది, బై బాట్ అవుతుంది. బట్టీ పట్టాల్సిందే."

ఆ తర్వాత డిడ్ దగ్గరికొచ్చాం. ప్రశ్న అడిగినా, లేదని చెప్పినా డిడ్ వస్తుందనీ, అది వచ్చిందంటే వెంట్ మళ్ళీ గో అయిపోవాలనీ చెప్పాను. అత్త రాగానే కోడలు మంచం దిగినట్టు అని కూడా అన్నాను.

"నువ్వెప్పుడు దిగినావే?" అంది మా అత్త.

ఆ రోజు మొదలు గేదె దగ్గర కూర్చుని పాలు తీస్తున్నా "ఎస్టర్‌డే ఐ వెంట్ టు కళింగపట్నం, ఐ బాట్ ఫిష్" అని వల్లెవేసేది. వెంట్ దగ్గర మళ్ళీ ఎన్నడూ తప్పలేదు. పైగా నాకే పరీక్షలు పెట్టేది. ఆవిడ ముందు నా గొంతు చక్కగా పలికేది, అదేమి చిత్రమో.

డెమో రోజున తోడొస్తానని కొత్త చీర కట్టుకుని బయల్దేరింది. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి నేను లోపలికెళ్ళాను. వెనకాల హెడ్మిస్ట్రెస్ గారు కూర్చున్నారు. బోర్డు మీద గో, వెంట్ రాసి పిల్లల వైపు తిరిగాను. అన్ని కళ్ళూ నా మీదే. "ఎస్టర్‌డే..." అన్నాను. అంతే, ఆపైన మాట రాలేదు. హెడ్మిస్ట్రెస్ గారు గడియారం చూసుకున్నారు. ఇది కూడా పోయిందని నాకు అర్థమైపోయింది.

అప్పుడు కిటికీ ఊచల అవతల ఒక చెయ్యి పైకి లేచింది.

"మేడమ్! ఎస్టర్‌డే ఐ గోడ్ టు కళింగపట్నం!"

మా అత్త. క్లాసంతా గొల్లుమంది. "గోడ్ కాదు మామ్మా, వెంట్! వెంట్!" అని పిల్లలు బల్లలు చరుస్తూ అరిచారు. ఒకమ్మాయి లేచి నిలబడి "మామ్మకి రాదు మేడమ్" అని నాకు ఫిర్యాదు చేసింది. మా అత్త ఊచలు పట్టుకుని తలొంచుకుని నిలబడింది. ఆ అల్లరి ఆపబోయి గట్టిగా మాట్లాడాను చూడండి, గొంతు వచ్చేసింది! వెంట్ ఎందుకో చెప్పమన్నాను. నిన్న ఎవరెక్కడికి వెళ్ళారో అడిగాను. శ్రీకూర్మం వెళ్ళినవాళ్ళు, అమ్మమ్మ ఇంటికెళ్ళినవాళ్ళు, ఐస్‌క్రీమ్ తిన్నవాళ్ళు, అందరూ చేతులెత్తారు. డిడ్ చెప్పడం కూడా అయ్యాకే బెల్లు కొట్టారు.

"సోమవారం వచ్చి చేరండమ్మా" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అడిగాను. "నీకు వెంట్ వచ్చు కదత్తా! అంతమంది పిల్లల చేత ఎందుకు నవ్వించుకున్నావు?"

ఆవిడ రోడ్డు వైపు చూస్తూ అంది. "నాకొచ్చని సూపిత్తే ఉజ్జోగం నీకిత్తారేటి?"

ఆటోలో జనం ఉన్నారని కూడా చూడలేదు. ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను.

"ఒసే, కొత్త సీర తడిపెత్తన్నావు" అని కసురుకుంది గానీ, భుజం మాత్రం కదపలేదు.