మోరీ కింద తాబేళ్లు

తమిళనాడులో మా పాలక్కోడు పక్క నుండి కొండల్లోకి పోయే దారిని వెడల్పు చేసి టోల్‌గేటు పెడతారని, కొండలు చూసేదానికి వచ్చేవాళ్ల కోసం అందంగా తీరుస్తారని చెప్పిన ఏడాది నాకు పని దొరికింది. దారి వేస్తే చెట్లకు, నీళ్లకు, జంతువులకు ఏమవుతుందో ముందే రాసుకొనేదానికి మద్రాసు నుండి ఒక మేడం వచ్చినారు. కాలేజీలో చెట్ల చదువు చదివి ఇంట్లో కూర్చొనున్న నన్ను తోడుగా పెట్టుకొన్నారు. దారి పక్క చింతచెట్లకు టేపు చుట్టి కొలిచి, పసుపు రంగుతో నెంబరు వేసేది నా పని.

మా మేనత్త వేరుశనగ కలుపుకు రోజూ ఆ దారినే పోతుంది. ఒకనాడు, దారి కింద వంక నీళ్లు పోయేదానికి కట్టిన పాత రాతి మోరీ దగ్గర ఆగింది.

"దీనికెందుకు పాపా ఎర్రగీత?"

"దీన్ని పూడుస్తారంట అత్తా. వంకలో నీళ్లే లేవు గదా."

"నీళ్లు లేకుంటే ఏం? చుక్కల తాబేళ్లు దాటేది దీని కిందనే గదా."

పుట్టినప్పటి నుండి ఆ దారిలో తిరిగినా నాకా సంగతి తెలియదు. సిగ్గేసింది. మేడంకు తమిళంలో చెప్పినాను. ఆమె ఫైలు తిరగేసి, "ఇన్నాళ్లు తిరిగినాం, ఒక్కటీ కనబడలేదు. చూడనిది నేనెట్ల రాసేది?" అన్నారు.

అత్తకు అది నచ్చలేదు. "ఎండల్లో వచ్చి తాబేలు యాడుందంటే ఎట్ల? వాన పడనీ."

మేడం ఊరికి పోవాల్సిన రోజు తెల్లవారుజామున వాన పడింది. అత్త ఫోన్ చేసి, "పిలుచుకొని రా" అనింది. మేడం అప్పటికే పెట్టె పట్టుకొని ధర్మపురి బస్టాండులో ఉన్నారు. నేను ఫోన్‌లో చెప్పింది విని ఎక్కాల్సిన బస్సు వదిలేసినారు. తర్వాత ఆటో ఎక్కి వచ్చేసినారు.

ముగ్గురమూ తడి గట్టు మీద కూర్చొన్నాం. అత్త మమ్మల్ని నోరు మెదపనివ్వలేదు. రెండు గంటలు గడిచినాయి. మేడం గడియారం చూసుకొన్నప్పుడల్లా, అత్త మాట పోతుందేమోనని నేను మోరీ వైపు చూసినాను.

అప్పుడు మోరీ చీకట్లో నుండి ఒకటి బయటికొచ్చింది. వీపు నిండా పసుపు చుక్కలు. వెనకాలే ఇంకో చిన్నది. మేడం నోరు తెరుచుకొని చూస్తా ఉండిపోయినారు.

"తీయమ్మా ఫోటో, పోతాదది!" అని అరిచింది మా అత్త, ఇంతసేపూ మమ్మల్ని ఊరుకోబెట్టిన మనిషి.

తర్వాత స్కూలు మైదానంలో షామియానా వేసి అధికారులు ఊరివాళ్ల మాట విన్నారు. అందరూ టోల్‌ పాసుల గురించే అడిగినారు. అత్త వంతు వచ్చింది. బయట రోజంతా తమిళమే మాట్లాడే మనిషికి, మైకు చేతికొచ్చేసరికి తెలుగు తప్ప ఏదీ నోటికి రాలేదు. ఆమె మాటనే నేను లేచి తమిళంలో చెప్పినాను.

"దారి వద్దనలేదు సామీ. నేనూ బస్సెక్కేదాన్నే. మోరీ కింద తాబేళ్లకూ ఒక దారి ఉంచండి."

కొందరు నవ్వినారు. మహేంద్రమంగళం రైతు ఒకాయన లేచి, "ఆమె చెప్పింది నిజమే, నా చేనులోనూ చూసినాను" అనేసరికి నవ్వులు ఆగిపోయినాయి.

మోరీని పూడ్చలేదు, ఇంకా వెడల్పుగా కట్టినారు. తూర్పు పక్క చింతచెట్లు మాత్రం పోయినాయి. నా చేత్తో నెంబర్లు వేసినవే అవి. కొట్టేసిన రోజు నేను ఆ పక్కకు పోలేదు.

మేడం రిపోర్టులో మోరీ గురించిన పేజీ నా ఫోనుకు పంపినారు. అత్తకు తెలుగులో చదివి వినిపించినాను. ఆమె పేరు లేదు, 'స్థానిక మహిళ ఒకరు' అని ఉంది. నాకు కొంచెం బాధనిపించింది గానీ ఆమెకు కాదు.

"తాబేళ్ల గురించి రాసినారా లేదా?"

"రాసినారు."

"ఇంకేం మరి."

పోయిన నెల ఇద్దరం ఆ కొత్త దారిలో పెండ్లికి పోయినాం. బస్సు కుదుపు లేకుండా పోతా ఉంటే, కిటికీ సీటు కోసం నాతో పోట్లాడి కూర్చొన్న అత్త, మొదటి మలుపు రాకముందే నా భుజం మీద నిద్రపోయింది.