బొట్టు లేని వారం

మొన్న ఎల్‌బీ నగర్‌లో మెట్రో దిగి అల్మాస్‌గూడ ఆటో కోసం నడుస్తుంటే, నేను ఒకప్పుడు తెలుగు చెప్పిన సెమినరీ గేటుకు, కొత్త రెక్టర్ ఫాదర్‌కు స్వాగతం పలుకుతూ ఫ్లెక్సీ కట్టి కనిపించింది. ఇంత వయసొచ్చాక కూడా అది చదవగానే చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోయింది. ఎందుకో చెబితే మన ఈడు వాళ్లకే అర్థమవుతుంది.

పెళ్లయి నల్లగొండ పక్క పల్లె నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి దిగిన కొత్తలో, ఫాదర్లు కావడానికి కేరళ నుంచి, తమిళనాడు నుంచి వచ్చి చదువుకునే బ్రదర్లకు తెలుగు నేర్పే పని నాకు దొరికింది. మా రెండిళ్లలోనూ ఉద్యోగానికి గడప దాటిన మొదటి ఆడదాన్ని నేనే. నుదుట కుంకుమ, జడలో మల్లెలు పెట్టుకుని ఆ క్రైస్తవ ప్రాంగణంలో తిరుగుతుంటే సెమినరీకి పెద్ద అయిన పాత రెక్టర్ ఫాదర్ ఒక్కనాడూ వింతగా చూడలేదు. అటువంటి మనిషికి బదిలీ అయింది. వచ్చేవారు గుంటూరు వైపు వారనీ, మహా నియమాల మనిషనీ, రాగానే బయటివాళ్లను మాన్పిస్తారనీ వంటింటి నుంచి తోట దాకా ఒకటే గుసగుస. బట్టల కొట్టులో మావారికొచ్చే జీతంతో పట్నంలో నిలబడలేం, నా కొలువు పోతే మళ్లీ ఊరికే పోవాలి.

అందుకని, కొత్త ఫాదర్ బాధ్యత తీసుకున్న సోమవారం నుంచి, మావారు స్కూటర్ మీద గేటు దగ్గర దింపి వెళ్లగానే గోడ చాటుకు పోయి బొట్టు తుడిచేదాన్ని. పూలు, గాజులు సంచిలో వేసి, పుస్తెలతాడు రవికెలోకి దోపి, తెల్లని నేతచీర కొంగు నిండుగా కప్పుకుని లోపలికి వెళ్లేదాన్ని. సాయంత్రం ఇల్లు చేరేలోపు అన్నీ మళ్లీ పెట్టుకునేదాన్ని. కొత్త ఫాదర్‌కు అలా ఉంటేనే నచ్చుతుందని నాకు నేనే అనుకున్నాను.

ఆ వారమంతా క్లాసు క్లాసులా లేదు. తమ తప్పులకు తామే పడీ పడీ నవ్వే బ్రదర్లు తలలు వంచుకుని కూర్చున్నారు. కొత్త ఫాదర్ వరండాలో ఎదురైతే ఆగి, నా ముఖం చూసి, ఏదో అనబోయి మానుకునేవారు. నా పని అయిపోయిందని ఖాయం చేసుకున్నాను.

శుక్రవారం క్లాసు అవుతూనే ఫాదర్ లోపలికి వచ్చారు. లేచి నిలబడ్డాను. ఆయన గొంతు తగ్గించి, "అమ్మా, మీ వారి ఆత్మశాంతి కోసం పొద్దున చర్చి పూజలో అందరం ప్రార్థన చేశామండీ. ధైర్యంగా ఉండండి" అన్నారు.

విజయవాడ రోడ్డు మీద లారీలు, వాటి మధ్య మావారి స్కూటరు కళ్లముందు మెదిలాయి. కబురు ముందు వీళ్లకే చేరిందనుకున్నాను. పొద్దున పూజ వేళకు ఆయన ఇంట్లో చాయ్ తాగుతున్నారన్న సంగతి ఆ క్షణాన ఎవరికి తడుతుంది? ఎలా ఆటో ఎక్కానో, దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎందరు దేవుళ్లకు మొక్కానో తెలియదు. కొట్టులో ఆయన ఎవరికో చీరలు విప్పి చూపిస్తున్నారు. అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చాను.

"ఏమైంది, గట్ల ఉరికొచ్చినవ్? బొట్టేది?" అన్నారాయన.

అప్పుడు గాని నేను చేసిన పని నాకు తెలిసి రాలేదు. అంతా విని ఆయన, "అయితే బతికుండంగనే నాకు దినాలు చేసిన్రు" అని ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు. నా చేత్తో నేనే బొట్టు తుడుచుకుని ఆయనకు ఏ కీడు తెచ్చిపెట్టానోనని, ఆ తరువాత ఎన్నో నెలలు, సాయంత్రం వీధిలో స్కూటర్ చప్పుడు వినిపించేదాకా ప్రాణం కుదుటపడేది కాదు.

మర్నాడు కుంకుమ పెద్దగా దిద్దుకుని వెళ్లాను. పోయిన వారం దాకా మేడమ్ పూలు పెట్టుకునేవారని, ఫాదర్ అడిగితే బ్రదర్లు ఉన్నమాటే చెప్పారట, దాంతో మావారు ఆ వారమే పోయారనుకున్నారట. నన్ను చూసి ఫాదర్ ముఖం పాలిపోయింది, నాకంటే ఆయనే ఎక్కువ భయపడినట్టున్నారు. "మాకు భయపడి ఇంకెప్పుడూ అది తీయకండమ్మా" అన్నారు. ఆయన బదిలీ అయి వెళ్లేదాకా అక్కడే పనిచేశాను.

మావారు పోయి రెండేళ్లు. పదో రోజున పెద్దవాళ్లు బొట్టు తీయించబోతే, ఆయన బతికుండగా తుడిచింది చాలని నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు మెట్రోలో సగం మంది ఆడపిల్లలకు బొట్టు ఉండదు, ఎందుకు లేదని అడిగేవాళ్లూ లేరు, మనకేదో అయిందని తెల్లారే లేచి ప్రార్థన చేసేవాళ్లూ లేరు. నా కుంకుమ చూసి, ఈమె కోసం ఇంట్లో ఆయన ఎదురుచూస్తుంటాడని ఎవరైనా పొరబడితే పడనీ.