తోమిన రియాళ్ళు

ఇరవై ఏళ్ళుగా వెండి తప్ప వేరే లోకం తెలియని మనిషి బుడేన్ సాహెబ్. సొంతూరు నెల్లూరు జిల్లా ఆత్మకూరు. అబుదాబి దగ్గరి అల్ ఐన్‌లోని మా వెండి దుకాణంలో ఆయన మరమ్మతులు చేసేవాడు, నేను అమ్మకాలు చూసేవాణ్ణి. మసిబారిన వెండి కంటబడితే ఆయన చేతులు ఊరుకోవు. ఆ చేతులే కొంప ముంచాయి.

2005లో ఒక అరబ్బు ముసలావిడ తన తల్లి హారం తెచ్చింది. దానికి తొమ్మిది పెద్ద వెండి నాణేలు వేలాడుతున్నాయి. ఎప్పుడో ఆస్ట్రియాను ఏలిన మరియా థెరీసా రాణి బొమ్మ ఉన్నవి. ఇక్కడి పెద్దవాళ్ళు వాటిని ఫ్రాన్సీ రియాళ్ళంటారు. ఒకదానికి రింగు ఊడింది, టంకం పెడితే చాలు. ఈయన అంతటితో ఊరుకోక, చింతపండుతో, కుంకుడు రసంతో తొమ్మిదింటినీ తళతళలాడేలా తోమిపెట్టాడు. పైసా అడగకుండా. ఎవరు తోమమన్నారయ్యా అని నేను విసుక్కుంటే, పెద్దావిడ సంతోషిస్తుందన్నాడు.

ఆవిడ హారాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, మా అమ్మ మెడలో నల్లబడ్డ రియాళ్ళు ఏవని అడిగింది. అద్దాల బీరువాలో మేము అమ్మకానికి పెట్టిన అలాంటి కొత్త రియాళ్ళను చూపించి, అవి దీనికి తగిలించి పాతవి కాజేశారంది. పోనీ నాణెం మీది ఏడాది చూపిద్దామా అంటే, అదొక దిక్కుమాలిన నాణెం. రాణి 1780లో పోయింది. ఆ తర్వాత ఎప్పుడు అచ్చువేసినా అదే ఏడాది వేస్తారు. మొన్న మా దుకాణానికి వచ్చిన వాటి మీదా 1780నే. అరిగిపోయిన రాణి ముక్కు చూడమని బుడేన్ సాహెబ్ బతిమాలాడు. ఆవిడకు చూపు ఆనదు.

మా ముదీర్‌కు, అంటే దుకాణం మేనేజరుకు, చూపు బాగానే ఉంది. నాణేలు మారలేదని ఆయనకు తెలుసు. అయినా విషయం పోలీసుల దాకా పోతే దుకాణం పేరు చెడుతుందట. మాఫీ అడుగు, ఖలాస్ అని బుడేన్ సాహెబ్‌ను గద్దించాడు. మా అందరి వీసాలు ఆ ముదీర్ చేతిలోనే ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. మండి ఏం లాభం, నేనూ నోరు మెదపలేదు.

బుడేన్ సాహెబ్ తోమినందుకు మాఫీ అడిగాడు. ఆవిడ దొంగతనానికనుకుంది. అల్లా కోసం నిన్ను క్షమించానని చెప్పి హారం తీసుకుని వెళ్ళిపోయింది. ముదీర్ హాయిగా ఊపిరి పీల్చుకుని అందరికీ చాయ్ తెప్పించాడు.

బుడేన్ సాహెబ్ చాయ్ ముట్టలేదు. నేను పక్కన కూర్చుంటే అన్నాడు.

"ఆ యమ్మ నన్ను తిట్టిపోసున్నా బాగుండు అబ్బయ్యా. మాఫ్ చేసి పోయిందే, ఇంక నేను దొంగను కానని ఎవురికి చెప్పుకునేది?"