గెడ్డ దగ్గర కాపలా

నవంబరు, తుపాను తీరం దాటిన మూడో రోజు, మంగళవారం, మధ్యాహ్నం రెండు. రుషికొండ దాటాక ఒక జాలరి పల్లె. మిలట్రీ వైద్య బృందం హాజరు: డాక్టరు కెప్టెన్, హవల్దారు, రేడియో ఆపరేటరు, డ్రైవరు, నర్సింగ్ అసిస్టెంటుగా నేను.

రోడ్డు తెగిపోయింది. సామాను మోసుకుని ఇసుకలో నడిచాం. బడి గదిలో మంచాలు వేశాం. సాయంత్రానికి నిండిపోయాయి. అందరికీ విరేచనాలే. ఆర్డరు ఒక్కటే: పల్లె పక్కన పారే గెడ్డలో నీళ్ళు ఎవరూ ముట్టకూడదు. క్లోరిన్ కలిపిన మా డ్రమ్ము నీళ్ళే తాగాలి.

రోగుల మల నమూనాలను పరీక్షకి ముసలి సరంగు ఎర్రయ్య తన పడవలో నగరానికి చేర్చాడు. గురువారం తనే మంచం ఎక్కాడు. నాది సబ్బవరమని, తన భార్య పుట్టిన ఊరేనని తెలిసిన దగ్గర్నుంచీ నన్ను బావా అనేవాడు.

"ఏటి బావా ఈ నీళ్ళు, బ్లీచింగు కంపు! మిలట్రీవోళ్ళు కడుపుక్కూడా సున్నం కొడతారేటి?"

"మాటలాపి తాగు బావా."

"గెడ్డ నీళ్ళు ఒక్క గలాసు తే. పుట్టినకాడ్నుంచి అవే తాగినాను. నన్నేటి సేత్తాయి?"

శుక్రవారం రేడియో పలికింది. "కలరా కాదు. ప్లెసియోమోనాస్. ఓవర్."

ఆపరేటరు మూడుసార్లు చెప్పించుకున్నాడు. "పలకడానికి కలరాయే నయం," అన్నాడు.

మంచినీటి బురదలో, చేపల్లో ఉండే సూక్ష్మజీవి అదని, పేగుల్లో చేరినా చాలామందికి దానంతటదే తగ్గుతుందని డాక్టరు చెప్పాడు. మిగతావాళ్ళు లేచారు. ఎర్రయ్య లేవలేదు. సెలైన్ ఎక్కుతున్నా మూత్రం రావడం లేదు. నగరం ఆసుపత్రికి చేర్చుదామంటే సముద్రం పోటెత్తి పడవ దించలేకపోయాం.

సాయంత్రం గెడ్డ దగ్గర కాపలా నాది. అతని భార్య నూకమ్మ చెంబుతో వచ్చింది.

"అన్నా, ఒక్క గుక్క. అడగతన్నాడు."

"వద్దమ్మా. రోగం ఈ నీళ్ళలోనే ఉంది."

"తాగకపోతే బతుకుతాడా?"

"బతకాలనే వద్దంటన్నాను."

ఆమె ఖాళీ చెంబుతో వెళ్ళిపోయింది. దీపాలు పెట్టే వేళకి ఎర్రయ్య పోయాడు.

మర్నాడు ఉదయం రోడ్డు పడింది. మమ్మల్ని వెనక్కి రమ్మన్నారు. లారీ ఎక్కబోతుంటే నూకమ్మ గెడ్డలో దిగి చెంబు ముంచింది. నా వైపు చూసింది.

"ఇప్పుడు పొయ్యొచ్చా అన్నా?"

తల ఊపాను.

ఇంటి ముందు పడుకోబెట్టిన ఎర్రయ్య పెదాల మధ్య ఆ నీళ్ళు పోసింది. లోపలికి పోలేదు. చెంప మీదుగా చెవిలోకి జారాయి. కొంగుతో తుడిచింది. మళ్ళీ పోసింది. లారీ మలుపు తిరిగేదాకా పోస్తూనే ఉంది, తుడుస్తూనే ఉంది.