గెట్ ఎక్కం

యాడికి మండలంలోని మా ఊరి బడిలో ఇంగ్లీషు సారు ‘గెట్’తో వచ్చే మాటలన్నీ ఎక్కంలా రాగం తీసి వల్లె వేయించేవాడు. ఒకటి తప్పితే మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సిందే. ఆ పాడు అలవాటు బెంగళూరు ఇంటర్వ్యూలో నా కొంప ముంచింది.

ఓటమిని ఎలా ‘గెట్ ఓవర్’ చేస్తారని టై కట్టిన ఆఫీసరు ఇంగ్లీషులో అడిగాడు. అర్థం తట్టక, ఎక్కం మొదటి నుంచి గొణిగాను. “గెట్ అప్ లేవడం, గెట్ ఇన్ ఎక్కడం, గెట్ అవుట్ పోవడం...” తర్వాతది నోటికి రాలేదు.

ఆఫీసరు కళ్లు మూసుకున్నాడు. అదే రాగంతో నేను చెప్పినవన్నీ మళ్లీ చెప్పి, “గెట్ ఓవర్ కోలుకోవడం” అని ముగించాడు.

“నాదీ ఆ బడేనప్పా,” అన్నాడు. “మొదట్నుంచి చెప్పకుంటే నాకూ యాడ గుర్తొస్తాది?”