తువ్వాల కింది బేరం

ఎమ్మిగనూరు పశువుల సంతలో నేను దళారిని. మాకు ధర నోటితో చెప్పే అలవాటు లేదు. తువ్వాల కప్పి, దాని కింద అవతలివాడి వేళ్లు నొక్కుతాం. ఆ నొక్కుడే ధర. ఒప్పుకున్నవాడు అరచెయ్యి గట్టిగా పిండుతాడు. పిండినాక మాట తప్పితే వాడికి సంతలో పుట్టగతులుండవు.

ఒక కొట్లాట కేసులో జైలుకు పోయాను. కొట్టిన మాట నిజమే, దాని సంగతి వేరు. వాయిదాకు తీసుకుపోతూ ఎస్కార్టు పోలీసు నా కుడిచేతిని బస్సు కడ్డీకి బేడీలతో బిగించాడు. కోర్టు అనుమతి లేకుండా అలా వెయ్యకూడదట. బస్సు దిగేసరికి వేళ్లు మొద్దుబారాయి. నెలలు గడిచినా వాటిలో పట్టు రాలేదు. దళారికి వేళ్లు పోతే ఇంకేం మిగిలింది?

కడుపు మండి, జైల్లోంచే పోలీసుల మీద దావా వేశాను. నా వాదన నేనే వినిపించుకున్నాను. జడ్జిగారు ఓపిగ్గా విని, "లాయరును పెట్టుకోవయ్యా, ఒట్టి కోపంతో కేసు నిలబడదు" అన్నారు. ఆదోని లాయర్లకు ఎన్ని కబుర్లు పెట్టినా ఒక్కరూ రాలేదు. పోలీసులతో తగువు ఎవరికి కావాలి?

చివరికి ఉచిత న్యాయ సహాయం కింద ఒక లాయరమ్మ జైలుకు వచ్చింది. కౌతాళం రైతు బిడ్డ. అంతా విని లేచి నిలబడింది.

"బేడీలేసింది రుజువు చెయ్యొచ్చన్నా. వేళ్లు సూస్తే బాగనే ఉండాయి. పట్టు పోయిందంటే ఎవరు నమ్ముతారు? ఈ కేసు నాతో కాదు."

నేను భుజం మీది తువ్వాల బల్ల మీద పరిచాను. "ఎద్దును అమ్ముతాండా. చెయ్యి పెట్టు తల్లీ."

నవ్వుతూనే పెట్టింది. పళ్లు బిగబట్టి, ఉన్న బలమంతా పెట్టి ఆమె వేళ్లు నొక్కాను.

"ధర ఎంత సెప్పినాను?"

"నువ్వింకా సెప్పనేలేదు కదన్నా."

"సెప్పినానమ్మా."

ఆమె నవ్వు ఆగిపోయింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. తువ్వాల కిందే నా అరచెయ్యి గట్టిగా పిండింది. "మా నాయన బేరాలు సూసినదాన్నే. పిండినాక మాట తప్పుతానా?" అంది. నాకు ఏడుపొచ్చింది.

ఆమె డాక్టరును బోనెక్కించింది. "ఇదంతా నటన" అన్న పోలీసుల లాయరు ఎదుట తువ్వాల కూడా పరిచింది. మేం గెలిచాం. తీర్పు విని నేను నవ్విన నవ్వు కోర్టు బయటికి వినబడింది.

తిరిగి జైలుకు అదే బస్సులో పోయాను, బేడీలు లేకుండా, కిటికీ పక్కన కూర్చుని. ఈసారి వెంట వచ్చిన కొత్త ఎస్కార్టు పోలీసు ఊరు దాటినాక మెల్లగా అడిగాడు.

"అన్నా, పాలిచ్చే బర్రె కావల్ల. ఎంతలో వస్తాది?"

తువ్వాల తీసి మా ఇద్దరి మధ్య పరిచాను. దాని కిందికి ఎడమచెయ్యి పోనిచ్చాను.

"కొత్తగా నేర్చుకుంటాండాను. పెట్టప్పా చెయ్యి."