పొట్టి రంధ్రంలో పొడుగు బోల్టు

పెద్దల్లుడికి గురువంటూ ఎవరూ లేరు. పాడైన ఇంజిన్లు విప్పి, ఇంకా పాడుచేసి, మళ్లీ విప్పి పని నేర్చుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ వీధిలో ఏ మోటారు సైకిలు మొరాయించినా అతని షెడ్డుకే తోసుకొచ్చేవాళ్లు. మూడేళ్ల కిందట అతని తోడల్లుడు పక్క వీధిలో షెడ్డు తెరిచాడు. అప్పట్నుంచీ ఇతనికి తిన్నది ఒంటబట్టడం లేదు.

తోడల్లుడిది నెమ్మది చెయ్యి. విప్పిన ప్రతి బోల్టునూ పెట్రోలుతో కడిగి, వైరు బ్రష్షుతో థ్రెడ్లు తోమేవాడు. రంధ్రాల్లోని మురికిని గాలికొట్టి ఊదేసేవాడు. అట్టముక్క మీద ఇంజిన్ కవరు బొమ్మ గీసి, ఎక్కడి బోల్టును అక్కడే గుచ్చేవాడు. బోల్టులన్నీ ఒకే పొడవుండవు కదా.

"బోల్టులకి లాలపోస్తున్నాడు నీ మరిది," అని పెద్దల్లుడు భార్య దగ్గర ఎగతాళి చేసేవాడు.

"అందుకేనేమో, ఆయన దగ్గరికెళ్లిన బండి మళ్లీ రిపేరుకి రాదంట," అనేది ఆవిడ.

ఇలా ఉండగా మామగారి పాత బండికి ఇంజిన్ పని పడింది. ముందు మీరే చూడండి అల్లుడుగారూ, కాకపోతే చిన్నల్లుడున్నాడుగా అన్నాడాయన. ఆ రెండో మాట పెద్దల్లుడికి చెవిలో జోరీగైంది. తోడల్లుడు రెండు రోజులు చేసే పనిని ఒక్క పూటలో చేసి చూపించాలనుకున్నాడు. బోల్టులన్నీ ఒకే డబ్బాలో పోశాడు. ఏది ఎక్కడిదో తన చేతికే తెలుసనుకున్నాడు. సాయంత్రానికల్లా బండిని మామగారి వరండాలో నిలబెట్టి, మీసం దువ్వుకుంటూ ఇంటికొచ్చాడు.

మర్నాడు పొద్దున్నే కబురొచ్చింది. వెళ్లేసరికి బండి కింద పళ్లెమంత నూనె మడుగు. పక్కనే మామగారు, తోడల్లుడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కవరు కింద వేసిన ప్యాకింగ్ నాసిరకమన్నాడు పెద్దల్లుడు.

తోడల్లుడు గొంతుక్కూర్చుని కవరు అంచంతా తడిమాడు. ఒకచోట వేలు ఆగింది. బోల్టు తలకీ కవరుకీ మధ్య గోరు దూరేంత సందు. అతనూ చూశాడు, పెద్దల్లుడూ చూశాడు.

"ప్యాకింగే అయ్యుంటుంది మామయ్యా. ఈమధ్య మంచివి రావట్లేదు," అన్నాడు తోడల్లుడు లేస్తూ.

తిట్టినా ఇంత మండేది కాదు. వాడి జాలితో పరువు నిలుపుకోవడమా?

"ప్యాకింగ్ కాదు మామయ్యా," అన్నాడు పెద్దల్లుడు. "పొట్టి రంధ్రంలో పొడుగు బోల్టు పెట్టాను. అది అడుక్కి తగిలి బిగిసింది, కవరు బిగియలేదు. తప్పు నాదే. సాయంత్రానికి సరిచేసిస్తాను."

మామగారు చిన్నల్లుడి వైపు చూశాడు. అతను సరేనన్నట్టు తలూపాక గానీ తాళం చెవి ఇవ్వలేదు.

మధ్యాహ్నం భార్య క్యారేజీ తెచ్చేసరికి షెడ్డులో బోల్టులు కడిగి, తుడిచి, కవరు ఆకారంలో వరసగా గుచ్చి ఉన్నాయి.

"ఇది మా మరిది చేసేదే కదా?"

"వాడిది అట్ట. ఇది చెక్క," అన్నాడు తలెత్తకుండా.

ఒక్కో బోల్టుకి ఒక్క నూనె చుక్క రాసి, ముందు వేళ్లతోనే తిప్పి, ఆ తర్వాతే స్పానర్ పట్టాడు. ఎదురెదురు మూలలుగా మూడు విడతల్లో బిగించాడు. సాయంత్రం బండిని వరండాలో పెట్టి, కింద తెల్లకాగితం పరిచాడు. పొద్దుటికి దానిమీద చుక్కంత మచ్చ కూడా లేదు. అయినా చిన్నల్లుడు వచ్చి చూసేదాకా ఆ కాగితాన్ని ఎవర్నీ తియ్యనివ్వలేదు.